వైద్యం చేయించని లివర్ క్యాన్సర్‌లో ఎంత కాలం? డాక్టర్లు దేన్ని చూసి చెబుతారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: నాన్నగారికి 68 ఏళ్లు. హెపటైటిస్ బి వల్ల సిరోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) వచ్చింది. కాలేయం కుడివైపున 7 సెంటీమీటర్ల క్యాన్సర్ గడ్డ ఉంది, ఏఎఫ్‌పీ (ఈ క్యాన్సర్ గడ్డలు రక్తంలోకి వదిలే ప్రోటీన్) 1,200. క్యాన్సర్‌కు వైద్యం వద్దని ఆయనే నిర్ణయించుకున్నారు. ఒక డాక్టరు మూడు నెలలన్నారు, ఇంకొకరు ఏడాది దాటొచ్చన్నారు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి, అసలు ఇది దేన్ని బట్టి చెబుతారు?

మీరిచ్చిన వివరాలతో ఇద్దరిలో ఎవరిది సరైన అంచనానో తేల్చలేం. ఆయుష్షును అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయించే నాలుగు సంగతులు మీ ప్రశ్నలో లేవు. ఆయన రోజు ఎలా గడుపుతున్నారు, కాలేయానికి పనిచేసే శక్తి ఎంత మిగిలింది, గడ్డ పోర్టల్ వెయిన్ అనే పెద్ద రక్తనాళంలోకి పాకిందా, కాలేయం దాటి బయటికి వెళ్లిందా. గడ్డ సైజు, ఏఎఫ్‌పీ వీటి తర్వాతే వస్తాయి. ఈ నాలుగూ బాగుంటే ఏడాది అన్న మాట నిజం కావచ్చు. రెండు చెడితే మూడు నెలలన్నదే దగ్గరగా ఉంటుంది.

ఇక్కడ లివర్ క్యాన్సర్ అంటున్నది కాలేయంలోనే పుట్టే హెపటోసెల్యులర్ కార్సినోమాను. పేగులోనో రొమ్ములోనో పుట్టి కాలేయానికి పాకిన క్యాన్సర్లకు ఈ లెక్కలు పనికిరావు.

సైజు ఎందుకు వెనకపడుతుంది?

7 సెంటీమీటర్లంటే వినడానికి భయం వేస్తుంది. కానీ గుండ్రటి గడ్డ అనుకుంటే దాని పరిమాణం సుమారు 180 మిల్లీలీటర్లే. పెద్దవాళ్ల కాలేయం దాదాపు 1,500 మిల్లీలీటర్లు ఉంటుంది, అంటే గడ్డ ఆక్రమించింది ఎనిమిదో వంతు. మిగతా కాలేయం ఆరోగ్యంగా ఉంటే ఈ నష్టాన్ని తేలిగ్గా తట్టుకుంటుంది. 12 సెంటీమీటర్లకు చేరితే గడ్డ 900 మిల్లీలీటర్లు దాటుతుంది, అప్పుడు లెక్క పూర్తిగా మారిపోతుంది. సిరోసిస్‌తో కాలేయం ముందే కుంచించుకుపోయి ఉంటే చిన్న గడ్డ కూడా పెద్ద భాగాన్నే తినేసినట్టు. అందుకే పాత స్కోర్లలో సెంటీమీటర్లు కాకుండా "కాలేయంలో సగం కన్నా ఎక్కువా, తక్కువా" అని అడిగేవారు.

అలాంటి వాటిలో ముఖ్యమైనది జపాన్‌కు చెందిన ఒకుడా బృందం 1985లో ఇచ్చిన వర్గీకరణ. అందులో చూసేవి నాలుగే: గడ్డ కాలేయంలో సగం దాటిందా, పొట్టలో నీరు చేరిందా, ఆల్బుమిన్ (కాలేయం తయారుచేసే ప్రోటీన్) 3 కన్నా తగ్గిందా, బిలిరుబిన్ (పెరిగితే కామెర్లు తెచ్చే పదార్థం) 3 దాటిందా. ఒక్కటీ లేకపోతే మొదటి దశ, ఒకటి రెండు ఉంటే రెండో దశ, మూడు నాలుగు ఉంటే మూడో దశ. వైద్యం చేయించని వాళ్లలో మీడియన్ జీవితకాలం వరుసగా 8.3 నెలలు, 2 నెలలు, 0.7 నెలలు. నాలుగింటిలో మూడు కాలేయం పనితీరుకు సంబంధించినవేనని గమనించండి. అంకెలు మరీ నిరాశగా ఉండటానికి కారణం ఆ కాలంలో జబ్బు బయటపడేదే ఆలస్యంగా కావడం. అంకెల్ని కాదు, వాటి మధ్య ఉన్న తేడాని చూడండి.

మీడియన్ అంటే ఆ సమయానికి సగం మంది పోయారని, సగం మంది ఇంకా ఉన్నారని. "8 నెలలు" అని చెప్పినప్పుడు చాలామంది దాన్ని గడువు తేదీగా వింటారు. అది గడువు కాదు.

ఇప్పుడు ఆ నాలుగు సంగతులు, ఒక్కొక్కటిగా.

మొదటిది మనిషి చురుకు. దీన్ని ఎకాగ్ స్కేలు మీద 0 నుంచి 4 వరకు కొలుస్తారు. ఎప్పటిలా అన్ని పనులూ చేసుకుంటుంటే 0. బరువు పనులు చేయలేకపోయినా తేలికపాటివి చేసుకుంటూ తిరుగుతుంటే 1. సొంత పనులు చేసుకుంటూ, ఏ ఉద్యోగమూ చేయలేక, మెలకువగా ఉన్న సమయంలో సగానికి పైగా లేచి తిరుగుతుంటే 2. సగానికి పైగా మంచంలోనో కుర్చీలోనో గడుస్తుంటే 3. పూర్తిగా మంచానికే పరిమితమైతే 4. ఖర్చు లేని ఈ పరీక్షకు స్కానింగ్ అంత విలువ ఉంది. క్యాన్సర్ శరీరం మొత్తం మీద ఎంత ప్రభావం చూపుతోందో, కండ ఎంత కరిగిపోతోందో ఇది ఒక్కమాటలో చెప్పేస్తుంది.

దీన్ని తప్పుగా వేయడం కూడా మామూలే. మోకాళ్ల అరుగుదల వల్లో, పాత పక్షవాతం వల్లో కూర్చుండిపోయిన మనిషికి 3 వేసేస్తారు. అది క్యాన్సర్ పని కాదు కదా. ఆరు నెలల క్రితం ఎలా ఉండేవారు, ఇప్పుడెలా ఉన్నారు అన్న తేడాయే అడగాలి. ఇంకో పొరపాటు ఏమిటంటే, డాక్టరు ముందు పెద్దవాళ్లు ఓపిక కూడదీసుకుని నిటారుగా కూర్చుంటారు. నిజం ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. స్నానం తనే చేస్తున్నారా, పగలు ఎన్ని గంటలు పడుకుంటున్నారు, ఈ రెండూ రాసి తీసుకెళ్లండి.

రెండోది కాలేయం పనితీరు. దీనికి అందరూ వాడేది చైల్డ్–ప్యూ స్కోరు. ఐదు అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 3 పాయింట్లు:

- బిలిరుబిన్ (డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో): 2 లోపు 1 పాయింటు, 2–3 మధ్య 2, 3 దాటితే 3.
- ఆల్బుమిన్ (డెసిలీటరుకు గ్రాముల్లో): 3.5 పైన 1, 2.8–3.5 మధ్య 2, 2.8 కన్నా తక్కువైతే 3.
- ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూపే పరీక్ష): 1.7 లోపు 1, 1.7–2.3 మధ్య 2, అంతకు మించితే 3.
- పొట్టలో నీరు: లేకపోతే 1, కొద్దిగా ఉంటే 2, ఎక్కువగా ఉంటే 3.
- కాలేయం వల్ల వచ్చే మత్తు, తికమక: లేకపోతే 1, తేలికగా ఉంటే 2, తీవ్రమైతే 3.

5–6 వస్తే ఎ, 7–9 అయితే బి, 10 నుంచి 15 అయితే సి. సి వర్గంలో ఉన్నవారికి గడ్డ 3 సెంటీమీటర్లున్నా, 8 ఉన్నా పెద్ద తేడా రాదు. ముందుగా ప్రాణం తీసేది కాలేయం విఫలమవడమే.

ఈ స్కోరుకు ఒక లోపం ఉంది. ఎ వర్గంలో అందర్నీ ఒకే గాటన కడుతుంది. అందుకే 2015 నుంచి ఆల్బీ స్కోరు కూడా వాడుతున్నారు. దీనికి బిలిరుబిన్, ఆల్బుమిన్ రెండే చాలు, ఇంట్లోనే వేసుకోవచ్చు. బిలిరుబిన్‌ను 17.1తో గుణించి, దాని లాగ్ (10 ఆధారంగా) తీసి 0.66తో గుణించండి. ఆల్బుమిన్‌ను 10తో గుణించి, తర్వాత 0.085తో గుణించండి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేయండి. జవాబు −2.60 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే గ్రేడు 1. −2.60 దాటి −1.39 వరకు గ్రేడు 2. అంతకు మించితే గ్రేడు 3.

ఉదాహరణకు బిలిరుబిన్ 1.2, ఆల్బుమిన్ 3.6 అనుకోండి. 1.2ను 17.1తో గుణిస్తే 20.5. దాని లాగ్ 1.31, 0.66తో గుణిస్తే 0.87. ఆల్బుమిన్ వైపు 36 × 0.085 = 3.06. తీసేస్తే −2.19, అంటే గ్రేడు 2. ఇదే మనిషికి నీరు, తికమక లేకపోతే, ఐఎన్‌ఆర్ మామూలుగా ఉంటే చైల్డ్–ప్యూలో 5 పాయింట్లు, అంటే అత్యుత్తమ వర్గం. కాగితం మీద "కాలేయం బాగుంది" అని రాసి ఉన్నా నిల్వ శక్తి అప్పటికే తరగడం మొదలైందని ఆల్బీ పట్టిస్తుంది. మీ ఇద్దరు డాక్టర్ల మాటల్లో తేడాకు ఇదొక కారణం కావచ్చు.

మూడోది పోర్టల్ వెయిన్. పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పెద్ద సిర ఇది. గడ్డ ఇందులోకి పాకితే రెండు నష్టాలు. కాలేయానికి రక్తం తగ్గి పనితీరు పడిపోతుంది, పోర్టల్ పీడనం పెరిగి అన్నవాహికలోని ఉబ్బిన నాళాలు పగిలి రక్తస్రావమయ్యే ప్రమాదం వస్తుంది. నీరు కూడా త్వరగా చేరుతుంది. కాలేయం లోపలి చిన్న కొమ్మలో ఉండటం వేరు, ప్రధాన నాళంలో ఉండటం వేరు. ప్రధాన నాళం మూసుకుపోయి, వైద్యమేదీ చేయించకపోతే సాధారణంగా లెక్క నెలల్లోనే, అదీ వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

రిపోర్టులో "పోర్టల్ వెయిన్ త్రాంబోసిస్" అని మాత్రమే ఉంటే అక్కడే ఆగి అడగండి: అది క్యాన్సర్ గడ్డకట్టడమా, మామూలు రక్తం గడ్డకట్టడమా? సిరోసిస్‌లో రెండోది కూడా తరచూ వస్తుంది, దాని అర్థం వేరు. ట్రైఫేజిక్ సీటీలో (రంగుమందు ఎక్కించి మూడు దశల్లో తీసే స్కాన్) క్యాన్సర్ గడ్డకట్టు ధమని దశలో మెరుస్తుంది, నాళాన్ని ఉబ్బిస్తుంది. మామూలు రక్తపు గడ్డ మెరవదు. అల్ట్రాసౌండ్ ఒక్కటే చేసి ఉంటే ఈ తేడా తెలిసే అవకాశం తక్కువ.

నాలుగోది బయటికి పాకడం. ఎక్కువగా ఊపిరితిత్తులకు, ఎముకలకు, లింఫ్ గ్రంథులకు. దీని గురించి వివరించడానికి పెద్దగా లేదు. ఉంటే అంచనా తగ్గుతుంది, అయినా చాలామందిలో చివరికి ప్రాణం తీసేది కాలేయంలోని జబ్బే.

ఈ నాలుగింటిలో కాలేయం పనితీరు కాక మిగతా మూడింటి బలం 1999లో బార్సిలోనా బృందం ప్రచురించిన అధ్యయనంలో బాగా కనిపిస్తుంది. వైద్యం పొందని 102 మంది సిరోసిస్ రోగుల్ని చూశారు. వాళ్లలో ఎకాగ్ 1–2, నీరసం–బరువు తగ్గడం లాంటి లక్షణాలు, రక్తనాళాల్లోకి పాకడం, కాలేయం బయటికి పాకడం అనే ప్రతికూల అంశాల్లో ఒక్కటీ లేని వాళ్లు మొదటి, రెండో, మూడో ఏటికి 80, 65, 50 శాతం బతికి ఉన్నారు. ఒక్కటైనా ఉన్నవాళ్లు 29, 16, 8 శాతం. వీళ్లెవరిదీ మరీ చెడిపోయిన కాలేయం కాదు, అది గుర్తుంచుకోండి.

మరి ఏఎఫ్‌పీ 1,200 సంగతి?

400 దాటితే ప్రతికూలంగానే లెక్కిస్తారు. ఇటలీవాళ్ల క్లిప్ స్కోరులో దానికొక పాయింటు కేటాయించారు. అంకె పెద్దదయ్యేకొద్దీ రక్తనాళాల్లోకి పాకే స్వభావం ఎక్కువ. కానీ ఒక్కసారి తీసిన ఏఎఫ్‌పీ కన్నా దాని పోకడ ముఖ్యం. 1,200 దగ్గర రెండు నెలలు నిలకడగా ఉండటం వేరు, ఆరు వారాల్లో 300 నుంచి 1,200కు ఎగబాకడం వేరు. ఏఎఫ్‌పీ మామూలుగా ఉంటే జబ్బు నెమ్మదిదే అని కూడా అనుకోకూడదు. చాలా గడ్డలు దాన్ని విడుదల చేయవు.

పెరుగుదల వేగం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఈ గడ్డల పరిమాణం రెట్టింపు కావడానికి సగటున 4.6 నెలలు పడుతుంది. కొన్ని మూడు నెలల్లోపే రెట్టింపవుతాయి, కొన్నింటికి తొమ్మిది నెలలకు మించి పడుతుంది. పరిమాణం రెట్టింపైతే అడ్డకొలత పెరిగేది నాలుగో వంతే: 7 సెంటీమీటర్లు 8.8 అవుతుంది. "కొంచెమే పెరిగింది" అని రిపోర్టు చూసి సంతోషించే ముందు ఈ లెక్క వేసుకోండి. హెపటైటిస్ బి ఉన్నవారిలో సాధారణంగా వేగం ఎక్కువ.

ఒకే దశకు వేర్వేరు అంకెలు ఎందుకొస్తాయి?

బీసీఎల్‌సీ (లివర్ క్యాన్సర్‌ను తొలి దశ 0 నుంచి చివరి దశ డి వరకు విభజించే వర్గీకరణ) దశల ప్రకారం, వైద్యం పొందని రోగుల మీడియన్ జీవితకాలం అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల సమాచారంలో ఇలా ఉంది: 0–ఎ దశలో 13.4 నెలలు, బిలో 9.5, సిలో 3.4, డిలో 1.6. ఇటలీ సమాచారంలో అదే వరుస 0 దశకు 38 నెలలు, ఎకు 25, బికి 10, సికి 7, డికి 6. ఎ దశలోనూ డి దశలోనూ తేడా రెట్లలో ఉంది. తొలి దశలో ఉండి కూడా వైద్యం పొందలేదంటే దానికి వెనక ఏదో కారణం ఉంటుంది. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, వయసు, తాగుడు మానకపోవడం, లేదా వైద్యం అందకపోవడం. ఆ కారణమే కొందరి ప్రాణం తీస్తుంది, అది క్యాన్సర్ ఖాతాలో పడుతుంది.

మందుల పరీక్షల్లో ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన బృందాలు ఇంకో అద్దం. సొరాఫెనిబ్ అనే లివర్ క్యాన్సర్ మందు మీద ఎక్కువగా యూరప్, అమెరికాల్లో జరిగిన 2008 నాటి పరీక్షలో వాళ్ల మీడియన్ 7.9 నెలలు. 2009లో వచ్చిన ఆసియా పరీక్షలో 4.2. రెండు చోట్లా దాదాపు అందరూ చైల్డ్–ప్యూ ఎ వాళ్లే. ఆసియాలో హెపటైటిస్ బి ఎక్కువ, బయటికి పాకిన జబ్బు ఎక్కువ. వైద్యం లేని బృందాలన్నిటినీ కలిపి 2010లో చేసిన విశ్లేషణలో ఏడాదికి బతికి ఉన్నది 17.5 శాతం. కానీ ఒక్కో అధ్యయనంలో అది సున్నా నుంచి 75 శాతం దాకా ఉంది! అంత వ్యత్యాసానికి కారణంగా తేలినవి చురుకు తగ్గడం, చైల్డ్–ప్యూ బి–సి, పోర్టల్ వెయిన్ మూసుకుపోవడం. మళ్లీ అవే.

లెక్క వేసే ముందు సరిదిద్దగలవి సరిదిద్దాలి. నా దృష్టిలో అందరూ ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. చెడ్డ వారంలో తీసిన రక్తపరీక్షతో వేసిన స్కోరు మనిషిని ఉన్నదానికన్నా దిగువన చూపిస్తుంది.

తికమక మలబద్ధకం వల్లో, నిద్రమాత్ర వల్లో, నీరు పోయే మందులు ఎక్కువైపోయి వచ్చిందో చూడాలి. లాక్టులోజ్ అనే విరేచనం మందుతో రోజుకు రెండు మూడు మెత్తటి విరేచనాలయ్యేలా చేస్తే అది పూర్తిగా తగ్గిపోవచ్చు. పొట్టలో నీరు ఉండి జ్వరమో నొప్పో వస్తే సూదితో నీరు తీసి పరీక్షించాలి. అందులో న్యూట్రోఫిల్ కణాలు 250 గానీ అంతకు మించి గానీ ఉంటే ఇన్ఫెక్షన్, దానికి యాంటీబయాటిక్ ఉంది. కామెర్లు హఠాత్తుగా పెరిగితే గడ్డ పిత్తనాళాన్ని నొక్కుతోందేమో అల్ట్రాసౌండ్‌లో చూడాలి. నాళాలు ఉబ్బి ఉంటే స్టెంటు వేసి బిలిరుబిన్ తగ్గించే వీలుంటుంది. అది కాలేయం చచ్చిపోయి వచ్చిన కామెర్ల లాంటిది కాదు. ఐఎన్‌ఆర్ పెరిగింది విటమిన్ కె లోపం వల్ల అయితే ఇంజెక్షన్‌తో దిగుతుంది. ఆల్బుమిన్ ఎక్కించిన మర్నాడు తీసిన ఆల్బుమిన్ అంకెను మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యంగా, క్యాన్సర్ వైద్యం వద్దనుకున్నా హెపటైటిస్ బి మాత్ర ఆపకండి. ఎంటెకావిర్ గానీ టెనోఫోవిర్ గానీ వాడుతుంటే కొనసాగించండి, మొదలుపెట్టకపోతే వైరస్ లోడు చూపించి అడగండి. హఠాత్తుగా ఆపితే వైరస్ విజృంభించి కాలేయం కొన్ని వారాల్లోనే విఫలం కావచ్చు. నొప్పికి పారాసిటమాల్ రోజుకు 2 గ్రాములు మించకుండా డాక్టరు చెప్పినట్టు వాడొచ్చు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, అవి కిడ్నీల్ని దెబ్బతీస్తాయి, రక్తస్రావం తెస్తాయి.

ఇంకో మాట. చైల్డ్–ప్యూ ఎ, ఎకాగ్ 0 లేదా 1 అని తేలితే, వైద్యం వద్దన్న నిర్ణయం గడ్డ సైజు చూసి భయపడి తీసుకున్నదేమో నాన్నగారిని ఒకసారి అడగండి. అన్నీ తెలిసి వద్దంటే అది ఆయన హక్కు. సైజు చూసి "లాభం లేదు" అనుకుని ఉంటే, ఆ కారణం అంత బలమైనది కాదు.

ఇకపై ఏం గమనించాలి? ఒక్క రిపోర్టు కన్నా నాలుగు వారాల తేడాతో తీసిన రెండు రిపోర్టులు ఎక్కువ చెబుతాయి. బిలిరుబిన్, ఆల్బుమిన్, ఐఎన్‌ఆర్, క్రియాటినిన్, సోడియం చాలు. బిలిరుబిన్ నెలలో రెట్టింపు కావడం, సోడియం 130 కన్నా దిగడం, క్రియాటినిన్ పెరుగుతూ మూత్రం తగ్గడం, మందులకు లొంగకుండా నీరు పదేపదే చేరడం, ఏ కారణమూ లేకుండా తికమక మళ్లీ మళ్లీ రావడం, ఇవి కనిపిస్తే నెలల లెక్క వారాల లెక్కగా మారుతోందని అర్థం. బరువును నమ్మకండి, కండ కరిగినంత మేర నీరు చేరి తూకం అలాగే నిలబడుతుంది. మోచేతికి భుజానికి మధ్య చేయి చుట్టుకొలత నెలకోసారి టేపుతో కొలవండి.

రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం, పొట్టలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పితో చెమటలు పట్టి కళ్లు తిరగడం (గడ్డ పగిలిందన్న సూచన) ఏ స్కోరుకూ అందవు. బాగున్న మనిషికి కూడా ఇవి ఒక్కసారిగా రావొచ్చు. అప్పుడు ఆసుపత్రికి వెళ్లాలా, ఇంట్లోనే బాధ తగ్గించే మందులతో చూసుకోవాలా అన్నది నాన్నగారు తికమక లేకుండా మాట్లాడగలిగే ఇప్పుడే ఆయన్ని అడిగి రాసుకోండి. నొప్పి, వాంతులు, ఆయాసం చూసుకునే పాలియేటివ్ డాక్టరును కూడా ఇప్పుడే కలవండి, చివరి వారం దాకా ఆగకండి.

తర్వాతిసారి డాక్టరును "ఎన్నాళ్లు" అని అడిగే బదులు "చైల్డ్–ప్యూ ఎంత, ఎకాగ్ ఎంత, పోర్టల్ వెయిన్‌లో ఏముంది, బయటికి పాకిందా" అని అడగండి. ఆ నాలుగు జవాబులూ ఇక్కడ రాస్తే మీకు చెప్పిన రెండు అంచనాల్లో ఏది దగ్గరో నేనూ చెప్పగలను. ఆయన మంచం దిగలేని స్థితికి వచ్చాక మాత్రం ఈ రక్తపరీక్షలు ఆపేయండి. ఆ దశలో వాటి అంకెలు ఏ నిర్ణయాన్నీ మార్చవు, సూది నొప్పి తప్ప.